మాటకు దరువు తోడైతే



మనకు అక్షరం వచ్చింది నిన్న మొన్న. పాట మాత్రం ఎప్పుడో వచ్చు. నాట్లు వేసేటప్పుడు పాడాం. వడ్లు దంచేటప్పుడు పాడాం. బిడ్డను జోకొడుతూ పాడాం. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడతాం. కోస్తాలో సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడతాం. అప్పగింతల పాట పాడి పెళ్లికూతుర్నీ, తల్లినీ ఏడిపించేదీ మనమే.

ఇన్ని పాటలు వచ్చినా, నలుగురిలో నిలబడి పాడమంటే మాత్రం వెనక్కి తగ్గుతాం. "నాకేం వచ్చు?" అంటాం. చేల్లో వచ్చిన పాట రచ్చబండ దగ్గర ఎందుకు రాదు? అక్కడ నిలబడి పాడటం మగవాళ్ల పని అని మనకు చిన్నప్పటి నుంచి చెప్పారు. మనం నమ్మాం.

అయినా కొందరు ఆడవాళ్లు నమ్మలేదు. తంబూరా పట్టారు. గజ్జె కట్టారు. ఊరి మధ్య నిలబడి కథ చెప్పారు. ఈ పాఠంలో బుర్రకథ గురించి తెలుసుకుందాం. పాట ఎలా తయారవుతుందో, మన ఊళ్లో మనం ఏం చేయవచ్చో కూడా చూద్దాం.

చెప్పే మాట, పాడే మాట

మీ వాడలో బోరు పాడైంది అనుకోండి. మీరు ఇలా చెబుతారు:

"మా వాడలో బోరు పాడైంది. నీళ్లు రావడం లేదు."

ఇది నిజమే. అందరికీ అర్థమవుతుంది. కాని రేపటికి ఎవరికీ గుర్తుండదు. ఇదే సంగతిని ఇలా అని చూడండి:

బిందెలు పట్టీ బోరుకు పోతే
చుక్కా నీరూ రాదే అక్కా!

ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చప్పట్లు కొట్టండి. బిందెలు – ఒకటి. పట్టీ – రెండు. బోరుకు – మూడు. పోతే – నాలుగు. కింది వరసలో కూడా నాలుగే. మొత్తం ఎనిమిది చప్పట్లు. చప్పట్ల మధ్య ఎడం అంతా సమానంగా ఉంది కదా! దీన్నే దరువు అంటారు.

ఇంకో సంగతి గమనించండి. మనం మామూలుగా "చుక్క నీరు" అంటాం. పాటలో "చుక్కా నీరూ" అయింది. దరువుకు సరిపోవడానికి మాటను సాగదీశాం. మాట పొట్టిగా ఉంటే సాగదీస్తాం. పొడుగ్గా ఉంటే గబగబా అనేస్తాం. ఇది మనకు ఎవరూ నేర్పలేదు. నాట్లలో నలుగురితో కలిసి పాడి పాడి వచ్చింది.

మాట మొదట్లో వచ్చే అక్షరాలు కూడా చూడండి. బిందెలు, బోరు – రెండూ "బ" గుణింతంతో మొదలయ్యాయి. ఇలా అక్షరాలు కలిస్తే మాట చెవికి ఇంపుగా ఉంటుంది. నోటికి తొందరగా వస్తుంది.

దరువు మాటను పట్టి ఉంచుతుంది. తాడు గడ్డిమోపును పట్టి ఉంచినట్టే. అందుకే పుస్తకాలు లేని రోజుల్లో కూడా పెద్ద పెద్ద కథలు పోకుండా నిలిచాయి. చదువు రాని వాళ్లు కూడా రాత్రంతా కథ చెప్పగలిగారు.

బుర్రకథలో ఎవరెవరు ఉంటారు?

బుర్రకథ చెప్పడానికి ముగ్గురు కావాలి. మధ్యలో ఒకరు. అటు ఒకరు, ఇటు ఒకరు.

మధ్యలో నిలబడే మనిషిని కథకుడు అంటారు. ఆడమనిషి అయితే కథకురాలు. ఈ మనిషి భుజం మీద తంబూరా ఉంటుంది. ఒక చేత్తో తంబూరా తీగ మీటుతారు. రెండో చేతి వేళ్లకు బోలు ఉంగరాలు ఉంటాయి. వాటి లోపల చిన్న గుండ్లు ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కొడితే ఘల్లు ఘల్లుమంటాయి. వీటిని అందెలు అంటారు. కాళ్లకు గజ్జెలు. పాడుతూ ముందుకు నాలుగు అడుగులు, వెనక్కి నాలుగు అడుగులు వేస్తారు. తీగ, అందె, గజ్జె, గొంతు – నాలుగూ ఒకే దరువులో నడవాలి.

పక్కనున్న ఇద్దరినీ వంతలు అంటారు. వాళ్ల దగ్గర గుమ్మెటలు ఉంటాయి. గుమ్మెట చిన్న కుండలాగా ఉంటుంది. ఒక పక్క తోలు మూసి ఉంటుంది. దీన్నే కొన్ని చోట్ల డక్కీ అని, బుడికె అని కూడా అంటారు. కథకుడు ఒక వరస పాడగానే వంతలు "తందాన తాన" అని అందుకుంటారు. ఆ కాస్త సేపట్లో కథకుడికి ఊపిరి దొరుకుతుంది. తర్వాతి వరస గుర్తు చేసుకోవడానికి వీలవుతుంది. చూసే వాళ్లకు విన్నది మనసులో దిగుతుంది. అంటే వంత పాడటం ఊరికే చేసే పని కాదు. అది కథకు ఆసరా.

బుర్రకథ అనే పేరు ఎలా వచ్చింది? తంబూరా కింది భాగం గుండ్రంగా, బోలుగా, బుర్రలాగా ఉంటుంది. దాని వల్లే ఈ పేరు వచ్చిందని చెబుతారు.

వంతలు చేసే పెద్ద పని

వంతల్లో ఒకరు నవ్విస్తారు. ఇంకొకరు ఊరి సంగతులు, రాజకీయం మాట్లాడతారు. కథ ఏ కాలానిదైనా సరే, మధ్యలో వంతలు ఈనాటి మాట తెస్తారు. అదే బుర్రకథలో ఉన్న బలం.

ఉదాహరణకు ఆడవాళ్ల దళం ఒకటి వేలిముద్ర కథ చెబుతోంది అనుకోండి. కథలో అప్పిచ్చిన షావుకారు ఒక కాగితం చాపాడు. పేదరాలు వేలిముద్ర వేసింది. అప్పుడు కథ ఆగుతుంది. మాటలు ఇలా నడుస్తాయి:

"ఆగక్కా, ఆగు! ఆ కాగితంలో ఏముందో ఆమె అడగలేదా?"

"అడిగింది చెల్లీ. నీ మంచికే రాశానమ్మా అన్నాడు షావుకారు."

"అబ్బో! అయితే అరెకరం పోయినట్టే!"

"ఎందుకట్లా అంటావే?"

"మా ఊళ్లోనూ ఒకాయన మా మంచికే రాశాడక్కా. ఇప్పుడు మంచి ఆయన దగ్గర ఉంది, కాగితం మా దగ్గర ఉంది!"

జనం నవ్వుతారు. నవ్వుతూనే ఇంటికి పోయి పెట్టెలో ఉన్న కాగితాలు తీసి చూసుకుంటారు. సభలో గంటసేపు చెప్పినా దిగని సంగతి ఇలా రెండు మాటల్లో దిగుతుంది. తిట్టినట్టు ఉండదు. పాఠం చెప్పినట్టు ఉండదు. అయినా మనసుకు తగులుతుంది.

బుర్రకథ ఎక్కడి నుంచి వచ్చింది?

పూర్వం జంగం కథలు, శారద కథలు చెప్పేవాళ్లు ఉండేవారు. ఊరూరా తిరిగి కథలు చెప్పి, జనం పెట్టిన గింజలతో బతికేవారు. జంగం కథ చెప్పే కుటుంబాల్లో భర్త కథ చెబితే భార్య పక్కన వంత పాడేది. అంటే ఈ కళలో ఆడమనిషి ముందు నుంచీ ఉంది. కాకపోతే పక్కన ఉంది. మధ్యలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

ఆ పాత కళే మారి బుర్రకథ అయింది. దీన్ని ఊరూరా తెలిసేలా చేసిన వారిలో ముఖ్యుడు షేక్ నాజర్. ఆయన 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. చాలా పేద కుటుంబం. దూదేకుల కులం. సంగీతం నేర్చుకున్నారు. బతకడానికి బట్టలు కుట్టారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. అది పాటలతో, నాటకాలతో జనాన్ని మేలుకొలిపే కళాకారుల సంఘం. నాజర్ అందులో చేరి బుర్రకథకు కొత్త రూపం ఇచ్చారు.

అప్పుడే బెంగాల్‌లో పెద్ద కరువు వచ్చింది. లక్షల మంది ఆకలితో చనిపోయారు. నాజర్ ఆ కరువునే బుర్రకథగా చెప్పారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు కూడా చెప్పారు. 1986లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశారు. ఆయన జీవిత కథ పుస్తకం పేరు "పింజారి". పింజారి అంటే దూదేకే మనిషి. తక్కువ చేసి పిలిచే ఆ పేరునే ఆయన కథ గర్వంగా పెట్టుకుంది.

ఆడవాళ్లు తంబూరా పట్టారు

1940ల నాటి సంగతి. అప్పట్లో మంచి ఇంటి ఆడది వీధిలో నిలబడి పాడటమా అనేవారు. నాటకాల్లో ఆడవేషాలు కూడా చాలా చోట్ల మగవాళ్లే వేసేవారు.

అట్లాంటి రోజుల్లో ప్రజానాట్యమండలిలో ఆడవాళ్ల బుర్రకథ దళం తయారైంది. దాన్ని నడిపింది మోటూరి ఉదయం. ముగ్గురు ఆడవాళ్లు జనం ముందు నిలబడి కథ చెబుతుంటే చూడటానికి ఆడవాళ్లు కదిలి వచ్చారు. మగవాళ్లు సభ పెడితే ఇంట్లో ఉండిపోయే వాళ్లు కూడా వచ్చారు. ఎందుకంటే నిలబడింది తమలాంటి మనిషి. చెబుతున్నది తమ ఇంటి మాట.

ఆ రోజుల్లోనే పాటలు పాడిన ఇంకొకావిడ కొండపల్లి కోటేశ్వరమ్మ. కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు. ఊహ తెలియక ముందే భర్త పోయాడు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం అంటే మాటలు కాదు. ఉద్యమంలో పాటలు పాడారు. నాటకాల్లో వేషాలు వేశారు. తర్వాత సంసారంలో ఒంటరిగా మిగిలారు.

అప్పుడు ఆవిడ ఏం చేశారో తెలుసా? నడివయసులో మళ్లీ పుస్తకం పట్టారు. హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకున్నారు. మెట్రిక్ పాసయ్యారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేశారు. తొంభై ఏళ్లు దాటాక, 2012లో, ఆవిడ జీవిత కథ "నిర్జన వారధి" పుస్తకంగా వచ్చింది. నిండా నూరేళ్లు బతికి 2018లో కన్నుమూశారు. "ఈ వయసులో నాకు చదువెందుకు?" అని మనలో ఎవరైనా అంటే కోటేశ్వరమ్మ గారిని గుర్తు చేసుకోవాలి.

తెలంగాణలో కథలు, పాటలు

తెలంగాణలో ఒగ్గుకథ ఉంది. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే డమరుకం లాంటి చిన్న వాద్యం. దానితో పాటు డోలు, తాళాలు ఉంటాయి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. గొల్ల కురుమల ఇళ్లలో ఈ కథలు తరతరాలుగా నడుస్తున్నాయి. జనగామ ప్రాంతం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను దేశమంతా తెలిసేలా చేశారు. ఆయన 2017లో కన్నుమూశారు.

గొల్లసుద్దులు అనే కళ కూడా ఉంది. సుద్దాల హనుమంతు ఈ పద్ధతిలో పాటలు కట్టారు. నిజాం కాలంలో వెట్టిచాకిరి గురించి జనం భాషలో పాడారు. పశువులు కాసే పసివాడి కష్టం మీద ఆయన రాసిన పాట తర్వాత "మా భూమి" సినిమాలో కూడా వచ్చింది. ఇప్పటికీ జనం నోట ఉంది.

నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ పేరు చెప్పుకుంటారు. ఆవిడ చిందు యక్షగానంలో పేరు పొందారు. ఆడవేషాలే కాదు, మగవేషాలు కూడా వేశారు. 2005లో చనిపోయారు.

పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో తీజన్ బాయి కథ చూడండి. అక్కడ పాండవుల కథను తంబూరాతో చెబుతారు. దాన్ని పండవానీ అంటారు. ఆడవాళ్లు చెప్పాలంటే కూర్చునే చెప్పాలని అక్కడ ఆచారం ఉండేది. తీజన్ బాయి లేచి నిలబడి, మగవాళ్ల పద్ధతిలో కథ చెప్పారు. మొదటిసారి జనం ముందు చెప్పినప్పుడు ఆవిడ వయసు పదమూడేళ్లు. సొంత కులం వాళ్లు వెలివేశారు. ఆవిడ పాట ఆపలేదు. 2019లో పద్మవిభూషణ్ బిరుదు అందుకున్నారు.

చదువు ఉద్యమంలో పాట

మన అక్షరాస్యత ఉద్యమం కూడా పాటతోనే మొదలైంది. దేశంలో 1988లో జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం అందరికీ చదువు వచ్చిన మొదటి జిల్లా అయింది. అదే సంవత్సరం భారత జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. ఆ జాతాలో కళాకారులు ఊరూరా వెళ్లి పాటలు పాడారు. చిన్న చిన్న నాటికలు వేశారు. దీన్నే కళాజాత అంటాం.

ఎందుకు పాటతో మొదలుపెట్టారు? "చదువుకోండి" అని కరపత్రం పంచితే చదువు రాని వాళ్లు ఎలా చదువుతారు? మైకులో చెబితే ఎవరు ఆగి వింటారు? డప్పు మోగితే మాత్రం పిల్లలు పరుగెత్తుకొస్తారు. పిల్లల వెనక తల్లులు వస్తారు. పాట అయ్యేసరికి పది మంది పేర్లు రాయించుకుంటారు.

నెల్లూరు జిల్లాలో కూడా ఇలాగే జరిగింది. రాత్రి బడులు పెట్టారు. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్ల పుస్తకంలో "సీతమ్మ కథ" అనే పాఠం ఉంది. తాగుడు వల్ల చెడిన సంసారం కథ అది. ఆ పాఠం చదివిన ఆడవాళ్లు "ఇది మన కథే" అనుకున్నారు. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారాను ఊళ్లోకి రానివ్వలేదు. వాళ్లలో ముందు నిలబడింది రోశమ్మ. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో మద్యం అంతా నిషేధించారు. 1997లో మద్య నిషేధాన్ని ఎత్తేశారు.

దీంట్లో మనకు రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి – పాట, పాఠం, పది మంది కలవడం మూడూ జతకూడితే చాలా పెద్ద పని జరుగుతుంది. రెండు – ఒకసారి గెలిచాం కదా అని ఊరుకుంటే గెలిచింది చేజారుతుంది. పాట జనాన్ని రప్పిస్తుంది. వచ్చిన జనం కూర్చుని ఆలోచించకపోతే పాటతో పాటే సంగతీ గాలికి పోతుంది.

డప్పుకు మర్యాద

పాట గురించి మాట్లాడుతూ డప్పును మరిచిపోకూడదు. కర్ర చట్రానికి తోలు బిగించి డప్పు చేస్తారు. కొట్టే ముందు మంట దగ్గర కాస్తారు. వేడికి తోలు బిగుసుకుంటుంది. అప్పుడు ఖంగుమంటుంది. వానాకాలంలో, మంచులో తోలు మెత్తబడుతుంది. మళ్లీ కాయాలి. కొట్టడానికి రెండు పుల్లలు ఉంటాయి. లావుది సిర్ర. సన్నది సిటికెన పుల్ల.

డప్పు కొట్టడం మాదిగ కులం వాళ్ల పని అని ఊళ్లు ఒక కట్టుబాటు పెట్టాయి. చావుకు కొట్టించారు. జాతరకు కొట్టించారు. దండోరా వేయించారు. ఆ చప్పుడు లేకుండా పండగ జరగదు. కాని కొట్టిన మనిషిని మాత్రం దూరం పెట్టారు. కూలి సరిగా ఇవ్వలేదు. మిగిలిన కూడు పెట్టారు. ఇది మన ఊళ్ల తప్పు.

ఇప్పుడు డప్పు కొట్టేవాళ్లు తలెత్తి కొడుతున్నారు. ఆడవాళ్లు కూడా డప్పు నేర్చుకుని కొడుతున్నారు. మన దళంలో డప్పు కావాలంటే ఆ కళ తెలిసిన వాళ్లను మర్యాదగా పిలవాలి. అందరితో పాటు కూర్చోబెట్టాలి. ఎంత ఇస్తామో ముందే మాట్లాడుకోవాలి. చెప్పినంత ఇవ్వాలి. మర్యాద గురించి పాట పాడి, పాడిన వాళ్లకే మర్యాద ఇవ్వకపోతే ఆ పాట అబద్ధం.

మన ఊళ్లో ఒక దళం

మన సంఘంలో నలుగురైదుగురం కలిస్తే చాలు. చిన్న దళం తయారు చేయవచ్చు. ఇలా చేసి చూడండి.

ఒకటి: ఒక్క సంగతినే తీసుకోండి. మంచినీళ్లు, రేషన్, ఉపాధి కూలి, ఆడపిల్ల చదువు, చిన్న వయసులో పెళ్లి – వీటిలో ఏదో ఒకటి. అన్నీ కలిపితే ఏదీ మనసున పట్టదు.

రెండు: నిజం తెలుసుకోండి. రేషన్ గురించి పాట కడితే ఒక్కొక్కరికి ఎన్ని కిలోలు రావాలో ముందు కనుక్కోండి. పాటలో తప్పు చెబితే ఎదుటివాళ్లు ఆ ఒక్క తప్పునే పట్టుకుంటారు. మిగతా నిజం కూడా కొట్టేస్తారు.

మూడు: ముందు మామూలు మాటల్లో కాగితం మీద రాయండి. పది వరసలు చాలు. రాయడం బాగా వచ్చిన వాళ్లు రాయాలి. కొత్తగా నేర్చిన వాళ్లు గట్టిగా చదవాలి. అందరికీ చదువు సాధన అవుతుంది.

నాలుగు: మీకు బాగా వచ్చిన పాత పాట వరస ఒకటి తీసుకోండి. నాట్ల పాట కావచ్చు. కోలాటం పాట కావచ్చు. చప్పట్లు కొడుతూ మీ మాటల్ని ఆ వరసలో కూర్చండి. దరువుకు పట్టని మాటను మార్చండి. సంగతిని మాత్రం మార్చవద్దు.

అయిదు: పనులు పంచుకోండి. గొంతు పెద్దగా ఉన్న మనిషి మధ్యలో నిలబడాలి. మాట చమత్కారంగా అనే మనిషి నవ్వించే వంత. లెక్కలు, కాగితాలు తెలిసిన మనిషి ఊరి సంగతులు చెప్పే వంత. తంబూరా లేకపోతే ఏమీ కాదు. చిడతలు, చెక్కభజన, సత్తు చెంబు కూడా పనికొస్తాయి. ఖాళీ బిందె మీద కొట్టినా దరువు పలుకుతుంది. నీళ్ల పాటకు అంతకంటే మంచి వాద్యం ఇంకేం కావాలి?

ఆరు: మొదటిసారి పావుగంట కంటే ఎక్కువ వద్దు. మొదట మన వాడలో చెప్పండి. తర్వాత రచ్చబండ దగ్గరికి వెళ్లండి.

ఏడు: పాటలో ఎవరి ఇంటి పరువూ తీయకండి. ఊళ్లో కష్టపడుతున్న ఒక ఆడమనిషి కథను ఆమెను అడగకుండా పాడకండి. ఆమె ఒప్పుకున్నా పేరు మార్చండి. మన పాట వల్ల ఆమె కష్టం పెరగకూడదు.

ఎనిమిది: చివర ఏం చేయాలో చెప్పండి. "రేపు పది గంటలకు అందరం పంచాయతీ ఆఫీసుకు పోదాం" అని చెప్పాలి. ఏం చేయాలో చెప్పని పాట విని, జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

ఇంట్లో వద్దంటే?

ఇది అసలు చిక్కు. "నా కోడలు నలుగురిలో గెంతడమా?" అని అత్త అనవచ్చు. "నలుగురూ ఏమనుకుంటారు?" అని భర్త అనవచ్చు. దీనికి ఒకే ఒక జవాబు లేదు. అయితే కొన్ని పద్ధతులు ఉన్నాయి.

సాధన పగటి పూట, పని అయ్యాక, అందరికీ కనిపించే చోట పెట్టుకోండి. అత్తల్నే ముందు పిలవండి. పాత పాటలు వచ్చింది వాళ్లకే. "అత్తయ్యా, ఆ దంపుడు పాట వరస మీకే వచ్చు, మాకు నేర్పండి" అని అడగండి. అడ్డుపడే మనిషే గురువు కావచ్చు. ఒక్కరే వెళ్లి ఇంట్లో గొడవపడే కన్నా సంఘం తరఫున నలుగురు వెళ్లి మాట్లాడితే మంచిది. అయినా ఇంట్లో దెబ్బలు తినే పరిస్థితి ఉంటే ఆ అక్కను బలవంతం చేయవద్దు. ఆమె పాట రాసి ఇవ్వవచ్చు. ఇంకొకరు పాడవచ్చు.

పాటను రాసిపెట్టండి

మన అమ్మమ్మలకు వందల పాటలు వచ్చు. వాళ్లు పోతే ఆ పాటలు కూడా పోతాయి. ఇప్పుడు దంపుళ్లు లేవు. మిల్లు వచ్చింది. నాట్లకు చాలా చోట్ల యంత్రాలు వచ్చాయి. పని పోయిన చోట పని పాట కూడా పోతుంది. దాన్ని పట్టి ఉంచేది ఇప్పుడు మన చేతిలోని అక్షరమే.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో సంగం రేడియో మొదలైంది. దాన్ని పల్లెటూరి దళిత ఆడవాళ్లే నడిపారు. తమ పాటలు, తమ విత్తనాల సంగతులు, తమ పండగలు తామే రికార్డు చేసి వినిపించారు. మనకు రేడియో లేకపోయినా ఒక నోటుబుక్కు ఉంది. చాలా ఇళ్లలో సెల్‌ఫోను ఉంది. పెద్దావిడ పాడుతుంటే ఫోనులో పట్టండి. తర్వాత నిదానంగా విని నోటుబుక్కులో రాయండి. పాట కింద పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ రాయండి. ఆమెను అడిగే రాయండి.

మనకు ఇదివరకు పాట వచ్చు, రాత రాదు. ఇప్పుడు రెండూ వచ్చాయి. ఇక పాట పోయే పని లేదు.

ఆలోచించండి

1. మీ అమ్మ పాడిన పాటల్లో మీకు ఎన్ని వచ్చు? మీ కూతురికి ఎన్ని వచ్చు?
2. బుర్రకథలో వంతలు లేకపోతే ఏమవుతుంది?
3. మీ ఊళ్లో డప్పు కొట్టేవాళ్లకు ఏం ఇస్తున్నారు? అది సరిపోతుందా?
4. మీ ఊళ్లో పాట కట్టాల్సిన సంగతి ఏది?

చేసి చూడండి

మీ వాడలోని ఒక కష్టం గురించి రెండు వరసలు రాయండి. ఒక్కొక్క వరసకు నాలుగు చప్పట్లు పడాలి. రేపు కేంద్రంలో పాడి వినిపించండి.

కొత్త మాటలు

దరువు – పాట నడిచే తాళం
వంత – కథ చెప్పే మనిషికి పక్కన పాడే మనిషి
అందెలు – వేళ్లకు పెట్టుకుని కొట్టే బోలు ఉంగరాలు
గుమ్మెట – కుండ లాంటి చిన్న వాద్యం
దళం – కలిసి పనిచేసే చిన్న జట్టు
కళాజాత – ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో చేసే ప్రచారం